తప్పు గిటార్‌దేనా?

ఫిబ్రవరిలో ఓ రోజు ఓపీకి భార్యాభర్తలు వచ్చారు. ఆయనకు 46 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం. పరీక్ష చేయడానికి చొక్కా విప్పమంటే ఎడమ చేయి రాలేదు. ఆవిడ సాయం పట్టాల్సి వచ్చింది. 'పెద్దగా ఏం లేదు సార్, గిటార్ వల్ల' అన్నారాయన. 'ఈ వయసులో అవన్నీ ఎందుకండీ అంటే విన్నారా?' అని ఆవిడ అందుకున్నారు.

ఆయన ఆదివారాలు చర్చిలో పాటలకు గిటార్ వాయిస్తారు. డిసెంబరులో క్రిస్మస్ పాటల కోసం రోజూ రెండేసి గంటలు నిలబడి సాధన చేశారు. భుజం నొప్పి మొదలయ్యాక గిటార్‌ను అటక ఎక్కించారు. మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు వేసుకున్నారు. కదిపితే నొప్పి పుడుతోందని చేయి కదపడమూ తగ్గించేశారు. రెండు నెలలు తిరిగేసరికి భుజం బిగుసుకుపోయింది. రక్తపరీక్ష చేయిస్తే పరగడుపున షుగర్ 214 ఉంది. తనకు మధుమేహం ఉందని ఆ రోజు వరకూ ఆయనకు తెలియదు.

ఆయనకొచ్చింది ఫ్రోజెన్ షోల్డర్. భుజం కీలు చుట్టూ ఉండే పొర వాచి, మందమై, ముడుచుకుపోయే సమస్య ఇది. 40 నుంచి 60 ఏళ్ల మధ్య ఎక్కువగా కనిపిస్తుంది. మధుమేహం ఉన్నవారిలో మిగతావారికంటే చాలా ఎక్కువ. గిటార్ వాయించనివారికీ వస్తుంది. అంటే ఆ ఇంట్లో నెల రోజులు గొడవ జరిగింది గిటార్ గురించి. జరగాల్సింది షుగర్ పరీక్ష.

గిటార్ పాత్ర ఎంత?

గిటార్ వల్ల భుజం నొప్పి రాదని కాదు. వస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్లు చాలావరకూ మూడు, నాలుగు కిలోల బరువుంటాయి. కుడిచేతి వాటం వాళ్లకు ఆ బరువంతా బెల్టు ద్వారా ఎడమ భుజం మీద పడుతుంది. అకూస్టిక్ గిటార్ తేలికే గానీ దాని పెట్టె పెద్దది. దాని మీదుగా చేయి వేయాలంటే కుడి భుజం పైకి లేచి, ముందుకు వంగుతుంది. ఇక తీగలు చూడటానికి తల వంచుతాం. కొత్త పాట పట్టుబడకపోతే తెలియకుండానే భుజాలు చెవుల దాకా బిగిస్తాం. భుజం కీలును పట్టి ఉంచేవి నాలుగు చిన్న కండరాలు. వాటిని రొటేటర్ కఫ్ అంటారు. గంటల తరబడి ఒకే భంగిమలో ఉంటే ఇవి అలసిపోతాయి. అలవాటు లేని శ్రమ ఒక్కసారిగా మీద పడితే నొప్పి చేస్తాయి. డిసెంబరు పాటలు, కాలేజీ ఫెస్టు, వేసవి సెలవుల్లో చేరిన క్లాసు... ఇలాంటప్పుడే సాధన ఉన్నట్టుండి రెట్టింపవుతుంది.

నొప్పి ఎక్కడిది?

కొన్ని గుర్తులు ఇంట్లోనే తెలుసుకోవచ్చు. చేయి పక్కకు ఎత్తేటప్పుడు సగంలో నొప్పి పుట్టి, ఇంకొకరు పట్టుకుని ఎత్తితే పూర్తిగా లేస్తుంటే అది చాలాసార్లు రొటేటర్ కఫ్ సమస్యే. మోచేతిని నడుముకు ఆనించి, ముంజేతిని తలుపు తెరిచినట్టు బయటికి తిప్పి చూడండి. రెండో చేయి తిరిగినంత ఇది తిరగకపోతే, మరొకరు మెల్లగా తిప్పినా కదలకపోతే ఫ్రోజెన్ షోల్డర్‌ను అనుమానించాలి. బలవంతంగా మాత్రం తిప్పకండి. నొప్పి మెడ దగ్గర మొదలై మోచేయి దాటి వేళ్ల దాకా పాకుతుంటే, తిమ్మిర్లు ఉంటే మెడలో నరం ఒత్తిడికి గురవుతోందేమో చూడాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది గుండె. మెట్లెక్కినప్పుడో, వేగంగా నడిచినప్పుడో ఎడమ భుజం లాగుతూ, ఆగితే తగ్గుతుంటే అదే రోజు డాక్టరుకు చూపించుకోవాలి. నొప్పితోపాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే భుజానికి బామ్ రాస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. దెబ్బ తగిలాక చేయి ఎత్తలేకపోయినా, జ్వరంతో భుజం వాచినా ఆలస్యం చేయకూడదు.

మానేయకండి, మార్చుకోండి

అలసట వల్ల వచ్చిన నొప్పికి గిటార్ పూర్తిగా మానేయాల్సిన పని ఉండదు. చేతుల్లేని కుర్చీలో, పాదాలు రెండూ నేలకు ఆనేలా కూర్చోండి. మనం గిటార్ మీదికి వంగకూడదు, గిటారే మన ఒంటి దగ్గరికి రావాలి. కూర్చున్నా బెల్టు వేసుకోండి, అదీ వెడల్పాటిది. గిటార్ మెడను కాస్త పైకి లేపి పట్టుకుంటే ఎడమ చేయి దూరం చాచనక్కర్లేదు. ఎదురుగా అద్దం పెట్టుకుంటే భుజాలు బిగించడం మీకే కనిపిస్తుంది. పిల్లలకు పెద్దవాళ్ల గిటార్ ఇవ్వకండి. చిన్న సైజువి దొరుకుతాయి.

ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకోసారి గిటార్ కింద పెట్టి అయిదు నిమిషాలు లేచి తిరగండి. కార్యక్రమం ఉంటే సాధనను ముందు నుంచే వారం వారం కొంచెం కొంచెం పెంచుకుంటూ రండి. వాయించాక వచ్చిన కొద్దిపాటి నొప్పి తెల్లారేసరికి తగ్గిపోతే ఫర్వాలేదు. మర్నాడూ ఉంటే సాధన సమయాన్ని సగానికి తగ్గించండి. రోజూ వీపు మీది రెక్క ఎముకలు రెండింటినీ దగ్గరికి లాగి అయిదు సెకన్లు ఉంచండి. ఇలా పది సార్లు చేయాలి. తర్వాత మోచేతిని ఒంటికి ఆనించి, ముంజేతి వెలుపలి వైపును తలుపు చట్రానికి ఆనించి అయిదు సెకన్లు నెట్టండి. ఇదీ పది సార్లు. నొప్పి పెరిగితే ఆపేయండి.

రెండు వారాలకూ తగ్గకపోతే డాక్టరును కలవండి. నొప్పి మాత్రలను సొంతంగా రోజుల తరబడి మింగడం ప్రమాదం. కడుపులో పుండ్లు పడతాయి, బీపీ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతినే అవకాశం ఉంది. మధుమేహం, బీపీ ఉన్నవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. ఫ్రోజెన్ షోల్డర్ తొలి దశలో కీలులోకి ఇచ్చే స్టిరాయిడ్ ఇంజెక్షన్ మేలు చేస్తుంది. కానీ కొద్ది రోజులు షుగర్ పెరుగుతుంది కాబట్టి షుగర్ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ పరీక్షలు ఉచితంగా చేస్తారు. నలభై దాటినవారికి దెబ్బేమీ తగలకుండా భుజం పట్టేస్తే, ఆ నెపం ఆఫీసు కుర్చీ మీదో, స్కూటర్ మీదో, గిటార్ మీదో వేసేముందు ఆ పరీక్ష చేయించండి.

మా బ్యాంకు ఉద్యోగికి షుగర్ మందులు, ఫిజియోథెరపీ మొదలుపెట్టాం. ఈ సమస్య పూర్తిగా తగ్గడానికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుందని ముందే చెప్పాం. ఆరు నెలలకు చొక్కా తనే వేసుకోగలిగారు. ఇప్పుడు కూర్చుని, రోజుకు పదిహేను నిమిషాలు వాయిస్తున్నారు. 'అటక మీంచి గిటార్ దించింది నేనే సార్' అని మొన్న ఆవిడ చెప్పారు. సాయంత్రం ఇద్దరూ కలిసి నడకకు కూడా వెళ్తున్నారట. ఈసారి షుగర్ పరీక్ష ఆవిడా చేయించుకున్నారు.