నడవనీకి వచ్చినం

మొన్న ఒక ఆదివారం కార్వాన్ బస్తీ పిల్లలను వెంటబెట్టుకొని అనంతగిరి పోయినం. మెహిదీపట్నంలో బస్సెక్కితే వికారాబాద్, ఆ ఊరు దాటితే గుట్టలు, గుట్టల మీద అడవి. అడవి లోపలికి కాలిబాటలు. సెలవు రోజు వస్తే నగరం నుంచి కార్లు వరస కడతాయి.

బాట మొదట్లో ఏడో తరగతి పిల్ల ఒకతె ఆగిపోయింది. "సార్, ఈడ నడిస్తే ఎవరన్న కోపం జేస్తరా?" అని అడిగింది. అడ్డం నిలబడ్డ మనిషి ఒక్కడూ లేడు. మరి ఆ పిల్ల కాళ్లను పట్టుకున్నదెవరు?

పిక్నిక్ మీద సంపాదకీయమా అని కొందరు మిత్రులు నవ్వవచ్చు. భూమి, కూలి, స్కాలర్‌షిప్పు ఉండగా అడవిలో షికారు ఎందుకని అడగవచ్చు. వాళ్లకు మహాడ్ గుర్తు చేస్తున్నాం. సర్కారు చెరువులు, బావులు అంటరానివారికి తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. మహాడ్ మునిసిపాలిటీ 1924లో చౌదార్ చెరువు అందరిదీ అని ప్రకటించింది. అయినా మనవాళ్లు ఆ నీళ్లు ముట్టలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి దోసిలి ముంచాడు. కాగితం మీద తెరిచిన తలుపు కాళ్లు కదిలితేనే తెరుచుకుంటది. అది చెరువుకైనా అంతే, అడవికైనా అంతే.

అడవి మనకు కొత్త కాదు. పిల్లలకు తోడు వచ్చిన ఒక అవ్వ చెట్టు చెట్టుకూ పేరు చెప్పింది. ఇది తునికి, ఇది మోదుగు, ఇది రేల. ఏ ఆకు బీడీకి, ఏ ఆకు విస్తరికి, ఏ బెరడు కడుపునొప్పికి పనికొస్తదో చెప్పింది. ఆమె బడి మొకం చూడలేదు. చివరకు ఒక బండ మీద కూసొని అన్నది: "ఆకు తెంపనీకి పోయిన, కట్టెలు మోయనీకి పోయిన. ఉత్తగ నడవనీకి వచ్చుడు ఇదే మొదలు బిడ్డా." డెబ్బై ఏళ్ల బతుకును ఆమె ఒక్క మాటలో చెప్పింది. అడవి మనకు చాకిరీ చోటు, ఇంకొకరికి విహారం. మన బస్తీల పెద్దలు అనంతగిరి పేరు విన్నది కూడా అక్కడి టీబీ దవాఖానా వల్లనే. రోగమొస్తే తప్ప ఆ గాలి మన ఛాతీలోకి పోలేదు.

ఇంకొక సంగతి ఉంది. మన పక్కనుంచి పారే మూసీ పుట్టింది ఈ గుట్టల్లోనే. పిల్లలకు చెప్తే నమ్మలేదు. "మన మూసీనా? గా కంపు కొట్టేదా?" అన్నరు. పుట్టినచోట అది ఊట నీరు. నగరం దాన్ని మురికి కాలువ చేసింది. ఫ్యాక్టరీలు, కాలనీలు, హోటళ్లు అన్నీ అందులోకే వదిలినయి. నింద మాత్రం ఒడ్డున గుడిసె వేసుకున్నవాడి నెత్తిన పడింది. 2024 సెప్టెంబరులో మూసీ ఒడ్డు ఇండ్ల గోడల మీద ఎర్ర గుర్తులు వేసిన్రు. మరుసటి నెల, అక్టోబరు 15న, ఇదే వికారాబాద్ జిల్లా దామగుండంలో నౌకాదళం రాడార్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. అందుకు 2,900 ఎకరాల అడవి పోయింది. అది మూసీకి నీళ్లిచ్చే అడవి అని ఉద్యమకారులు మొత్తుకున్నరు. నది బాగు కోసం కింద పేదవాడు లేవాలంట, పైన చెట్టు ఉండాల్సిన పని లేదంట! ఇదేం న్యాయం?

పల్లెల్లోని మన కార్యకర్తలు ఒక చట్టం సంగతి చదివి పెట్టుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసులకే కాదు, అడవి మీద బతికే ఇతరులకూ వర్తిస్తది. కాని ఆదివాసులు కానివారు 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడున్నట్టు రుజువు చూపాలి. అడవి అంచు మాల మాదిగ గూడేలకు ఇదే గుదిబండ. చదువు రానియ్యని తాతల దగ్గర కాగితం ఎక్కడిది? అయితే ఊరి పెద్దల వాంగ్మూలం రాయించి సాక్ష్యంగా పెట్టవచ్చని అదే చట్టం నియమాలు చెప్తున్నయి. అదొక్కటే చాలదు, ఇంకొక సాక్ష్యం జత కావాలి. పాత రసీదో, సమాధి గుర్తో, పాడుబడ్డ బావో వెతకండి. ముసలోళ్లు ఉండగానే మాట రాయించండి. క్లెయిము గ్రామసభలో పెట్టండి.

బస్తీల్లోని మిత్రులకు ఒక్క మాట. ఏడాదికి ఒకసారైనా పిల్లలను అడవికి తోలుకపోండి. చెట్టు పేరు తెలిసిన ఒక అవ్వను వెంట తీసుకపోండి. నది పుట్టుక చూసిన పిల్ల రేపు ఆ నది గురించి సభలో లేచి మాట్లాడతది. ఆ అడవిని కొట్టేటప్పుడు ఎందుకని నిలదీస్తది.

సాయంత్రం తిరుగు బాటలో అందరికన్నా ముందు నడిచింది ఆ ఏడో తరగతి పిల్లే. ఎవరినీ ఏమీ అడగలేదు.

జై భీమ్!