రెండు వాకిళ్ళ సర్వరు

ప్రజల దరఖాస్తులను స్వీకరించుటకై ఒకవైపు ఇంటర్నెట్టునకును, సిబ్బంది జీతముల లెక్కలును ఖాతాదారుల వివరములును ఉండు అంతరంగిక నెట్‌వర్కునకు మరొకవైపును అనుసంధింపబడిన సర్వరు ఏ కార్యాలయమునందైనను ఉన్నయెడల, తక్కిన యంత్రములన్నిటికంటె ముందుగా రక్షింపదగినది అదియే. పెట్టె ఒక్కటే, నెట్‌వర్కు కార్డులు రెండు, ఖర్చు తక్కువ. చిన్న సంస్థలను ఆకర్షించునది ఈ పొదుపే.

భద్రతను గూర్చి ప్రశ్నించినచో, ఒక కార్డునుండి రెండవదానికి ప్యాకెట్లను దాటించు ఐపీ ఫార్వర్డింగును ఆపివేసితిమి గనుక భయము లేదని నిర్వాహకులు సమాధానమిత్తురు. లినక్సులో అది ఒక అమరిక విలువను ఒకటినుండి సున్నకు మార్చుటతో ముగియు పని, చేయవలసినదే. కాని ఆ ఏర్పాటు దారిన పోవు ప్యాకెట్లను మాత్రమే అడ్డగించును. వెబ్‌సైటులోని లోపమును పట్టుకొని దుండగుడు సర్వరునే వశపరచుకొన్నప్పుడు, వాడు ప్యాకెట్లను దాటింపవలసిన అవసరమేమున్నది? సర్వరు పేరిటనే లోపలి యంత్రములను పలుకరించును. అవియు తమ తోటిదే పిలుచుచున్నదని నమ్మి బదులిచ్చును. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడు గదా! ఇక మైఎస్‌క్యూఎల్ డేటాబేసును కూడ ఆ పెట్టెలోనే నడుపుచు, దాని 3306 పోర్టును లోపలి చిరునామాకు పరిమితము చేయక 0.0.0.0పై విడిచినచో, అది బయటి కార్డుమీదను చెవియొగ్గియే యుండును.

తమిళనాడులోని కూడంకుళం అణువిద్యుత్కేంద్రమున 2019లో హానికర సాఫ్ట్‌వేరు బయటపడినప్పుడు, అది ఇంటర్నెట్టుతో సంబంధముగల పరిపాలనా నెట్‌వర్కులోని కంప్యూటరునకు సోకినదనియు, కీలకమైన లోపలి నెట్‌వర్కు దానినుండి వేరుగా నున్నదనియు అణువిద్యుత్ సంస్థ ప్రకటించినది. అట్టి వేరుపాటు లేనిచోట ఏమి చెప్పుకొనగలము?

కావున ప్రజలకు కనబడు సర్వరును రెండు ఫైర్‌వాల్‌ల నడుమ ప్రత్యేక మండలమునందుంచి, అక్కడినుండి లోపలి ఒకే డేటాబేసు యంత్రమునకు, ఒకే పోర్టుద్వారా మాత్రమే దారి విడిచి, తక్కినవన్నియు మూసివేయుట యుక్తము. ఆ డేటాబేసు ఖాతాకు సైతము సర్వాధికారము లీయరాదు. నిర్వాహకుల ఎస్‌ఎస్‌హెచ్ ప్రవేశమును బయటి కార్డుపై తెరువనే కూడదు. ఇందుకు అదనపు వ్యయమగునని ఫైలును త్రిప్పిపంపు అధికారులకు నా విన్నపమిది: ఈ సర్వరునుండి లోపలికి పోగల దారులెన్ని, అవి ఏవి యను ప్రశ్నకు వ్రాతపూర్వకమైన సమాధానము లభించువరకు దానిని ఇంటర్నెట్టునకు కలుపుటకు అనుమతింపకుడు.