ఇంటికుక్క – పడని తిండి, పాచి పట్టిన దంతములు



గోదావరి ప్రాంతమునుండి యొక సోదరి వ్రాసిన జాబు ఈ మాసమున మాకు చేరినది. ఆమె యింట నాలుగేండ్ల తెల్లకుక్క యొకటి కలదు. మన యూళ్లలో పొమరేనియన్ అని పిలుచు ఈ చిన్నకుక్కలలో పెక్కులు నిజమునకు ఇండియన్ స్పిట్జ్ అను జాతికి చెందినవి. అది రేయింబవళ్లు పాదములు నాకుకొనుచున్నది, చెవులు గోకికొనుచున్నది, అప్పుడప్పుడు విరేచనములు పట్టుకొనుచున్నవి. ఇటీవల నోరు దుర్వాసన కొట్టుటచే పిల్లలు దానిని దగ్గరకు రానీయకున్నారట. అత్తగారు దానిని ఎవరికైనను ఇచ్చివేయుమనుచున్నారట. కోడిమాంసము పడదేమోయని మూడు రకముల తిండి మార్చి చూచితిననియు, దంతములకు మంచిదని అంగడిలో అమ్మెడు నమలుడుపుల్లలు కూడ దినమున కొకటి యిచ్చుచున్నాననియు, అయినను గుణము లేదనియు ఆమె వాపోయినది. ఏ తిండి కొనవలెనని ఆమె ప్రశ్న.

ఏ సంచి కొనవలెనో నిర్ణయించుటకు ముందు, ఉదయమునుండి రాత్రివరకు ఆ కుక్కనోట ఏయే వస్తువులు పడుచున్నవో ఒక కాగితముపై వ్రాసికొనవలయును. ఆ నమలుడుపుల్లల పొట్లము వెనుక సన్నని అక్షరములతో అచ్చువేసిన భాగము చదివితిరా? అందు కోడిమాంసపు పొడియో, గోధుమపిండియో యుండుట మిక్కిలి సామాన్యము. భోజనములో మానిపించిన వస్తువునే దంతముల పేరిట మరల పెట్టుచున్నచో గుణమెట్లు కనబడును? దంతములకని ఇచ్చినదియు కడుపులోనికే పోవును గదా!

తిండిలోని మాంసకృత్తులలో నేదో యొకటి పడనప్పుడు, అది కుక్కలలో ముఖ్యముగా చర్మపు దురదగా, చెవిబాధగా, కొన్నింటిలో అతిసారముగా బయటపడును. 2016లో ప్రకటింపబడిన యొక పరిశీలనలో, ఇట్లు తిండి పడని 297 కుక్కల వృత్తాంతములను కూర్చి చూడగా, నూటికి 34 కుక్కలకు ఆవుమాంసమును, 17 కుక్కలకు పాలును పాలతో చేసినవియును, 15 కుక్కలకు కోడిమాంసమును, 13 కుక్కలకు గోధుమయును పడలేదని తేలినది. బియ్యము వలన బాధ కలుగుట వీనికంటె చాల తక్కువ. అయినను నేడు ధాన్యము లేని తిండి యని చాటి హెచ్చువెలకు అమ్ముచున్నారు. పిండిపదార్థములను జీర్ణించుకొను శక్తి తోడేలునకంటె కుక్కకు హెచ్చుగా అలవడినదని 2013లో శాస్త్రజ్ఞులు దాని జన్యువులను పరిశీలించి చూపిరి. పైగా బఠానీలు, పప్పులు ఎక్కువగా చేర్చిన ధాన్యరహితపు తిండ్లకును, కుక్కల గుండెజబ్బునకును సంబంధ మున్నదేమోయని 2018లో అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ శాఖ విచారణ సాగించినది. సంబంధము నిశ్చయముగా రుజువు కాలేదు. కాని అన్నము తిని సుఖముగానున్న కుక్కకు అన్నము మాన్పింపనక్కరలేదని మా యభిప్రాయము.

దురద పుట్టినంతమాత్రమున తిండియే కారణమనరాదు. గోమార్లు, బొచ్చులోని పురుగులు, గాలిలోని ధూళి మొదలైనవి ఇంకను సామాన్యమైన కారణములు. పశువైద్యునిచే వానిని చూపించుకొని, పిమ్మట తిండిని పరీక్షింపవలయును. పరీక్ష యనగా వారమున కొక సంచి మార్చుట కాదు. కుక్క యింతకుముందెన్నడును తినని యొక మాంసము, ఒక పిండిపదార్థము, ఈ రెండే ఎనిమిది వారములు పెట్టవలెను. కోడి తిన్న కుక్కకు చేప గాని, వేటమాంసము గాని పెట్టవచ్చును. మాంసకృత్తులను మిక్కిలి చిన్న తునుకలుగా విడగొట్టి తయారుచేసిన మందుతిండియు పశువైద్యులు వ్రాసి యిత్తురు. ఇంట వండిన మాంసము, అన్నము మాత్రమే చిరకాలము పెట్టినచో సున్నము మొదలైనవి చాలక ఎముకలు చెడును. కాబట్టి వైద్యుని సలహా తప్పదు. దురద తగ్గిన పిమ్మట పాత తిండి మరల పెట్టి చూడవలెను. పదునాలుగు దినములలోపల దురద మరలినచో కారణము తేలినట్లే. తిండి మార్చునప్పు డెల్ల క్రొత్తది కొంచెము కొంచెముగా కలుపుచు వారము పది దినములలో మార్చుట కడుపునకు మంచిది.

ఈ ఎనిమిది వారములు ఇంటిల్లిపాదియు కట్టుబడి యుండుటయే కష్టము. అవ్వగారు ముద్దుగా పెట్టు పెరుగన్నపు ముద్ద, పొరుగింటి పిల్లవాని బిస్కత్తు, మాంసపు రుచి చేర్చిన పురుగుల మాత్ర, వీనిలో ఏ యొక్కటియైనను పరీక్షను చెరచును. కుక్కకు పూత టూత్‌పేస్టుల సంగతియు నంతే; అవి యెక్కువగా కోడిమాంసపు రుచితోనే వచ్చును.

అట్లని దంతములను విడిచిపెట్టరాదు. పెరిగిన కుక్కకు 42 దంతములు. వేటకుక్కకు నన్నియే, ఒడిలో నిముడు చిన్నకుక్కకు నన్నియే. చిన్న దవడలో అవి యిరుకుకొని, సందులలో తిండి నిలుచును. అందుచేత చిన్నజాతులకే చిగుళ్ల వ్యాధి యెక్కువ. ప్రతిదినమును పాచి పట్టును. దానిని తుడువనిచో కొలది దినములలోనే లాలాజలమందలి లవణములతో గట్టిపడి గార యగును. కుక్కలకు పుప్పిపన్ను అరుదు, గారయే చేటు. దాని ప్రక్కన చిగురు ఎఱ్ఱబడి వాచును. పిదప లోపలి ఎముక కరగి పన్ను కదలును. ఇంత బాధలోను కుక్క తోక యాడించుచు తిండి తినుచునే యుండును. కాబట్టి తినుచున్నదిగదా, నొప్పి లేదని యనుకొనరాదు.

గట్టి గుళికల తిండి పెట్టినచో దంతములు వానంతట అవే శుభ్రపడునని చాలమంది నమ్మిక. సామాన్యపు గుళిక పంటి కొన తగిలినంతనే పగిలిపోవును, చిగురుదాక చేరదు. పాచిని వదల్చునది తోముటయే. టూత్‌పేస్టు రుచికొరకే; అది లేక వట్టి నీటితో తోమినను పని జరుగును. పడని కుక్కకు ఇదియే మేలు. మొదటి వారము పెదవి నెత్తి వ్రేలితో చిగుళ్లు తాకి విడిచిపెట్టుడు. రెండవ వారము వ్రేలికి మెత్తని తడిగుడ్డ చుట్టి రుద్దుడు. తరువాత పసిపిల్లల మెత్తని బ్రష్షు వాడవచ్చును. దంతముల వెలుపలి వైపు, అందును పైదవడ వెనుకభాగము తోమిన చాలును. నోరు బలవంతముగా తెరవనక్కరలేదు. దినమున కొకమారు ఒక నిమిషము. మనము వాడు టూత్‌పేస్టు మాత్రము ముట్టింపరాదు. కుక్క ఉమియజాలదు, మ్రింగును. కొన్నింటిలో చేర్చు జైలిటాల్ అను తీపి కుక్కకు విషము. రక్తములోని చక్కెర నొక్కసారిగా దింపి ప్రాణముమీదికి తెచ్చును.

ఎముకల విషయము: ఉడికిన ఎముక చీలి గొంతులోను, ప్రేగులోను గ్రుచ్చుకొనును. పచ్చిదైనను గట్టి ఎముక, కొమ్ము, డెక్క మొదలగునవి పైదవడలోని పెద్దపంటిని పగులగొట్టును. గోటితో నొక్కిన నొక్కుపడనిది నమలుట కీయకుడు. నమలు వస్తువులను పరీక్షించి ముద్ర వేయుటకు 1997లో అమెరికాలో పశుదంతారోగ్య మండలి యొకటి యేర్పడినది. ఆ ముద్ర పాచినో గారనో తగ్గించునని మాత్రమే చెప్పును. మీ కుక్కకు పడునో లేదో చెప్పదు. వెనుక అచ్చువేసినది చదువుట మీ పనియే.

మన వంటలలోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తమును చెరచును. పరమాన్నములోని ఎండుద్రాక్ష మూత్రపిండములను పాడుచేయును. అందలి టార్టారిక్ ఆమ్లమే కారణమని వైద్యులు తలచుచున్నారు. ఆ యామ్లము చింతపండులోను మెండుగ నుండుటయు, చింతపండు తిన్న కుక్కలకు అట్టి జబ్బే వచ్చుటయు 2022లో ప్రకటింపబడినది. పులిహోర, పులుసన్నము మిగిలినవని కుక్కకు వేయువారు గమనింతురు గాక.

ఇదివరకే గార కట్టినచో తోముట వలన పోదు. గోటితోను, కత్తిమొనతోను గీకినచో పైపొర గరుకై పాచి యింకను త్వరగా పట్టును. చిగురు క్రిందిది అట్లే యుండును. పశువైద్యుడు మత్తుమందిచ్చి శుభ్రపరుపవలసినదే. ఒకవైపుననే నమలుట, ముద్ద జారవిడుచుట, నోట రక్తము, కంటి క్రింద వాపు, వీనిలో ఏది కనబడినను ఆలసింపరాదు. శుభ్రము చేయించిన పిదప చిగుళ్లు మానుదాక బ్రష్షు తగిలింపక, వైద్యుడు చెప్పిన దినమునుండి మరల తడిగుడ్డతో మొదలిడవలెను.