సైనికుల లెక్కలోకి రాని సుఖా

దక్షిణ ఇంగ్లండులోని బ్రాకెన్‌హర్స్ట్ గ్రామంలో, సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో ఒక బరేలీ యువకుడి సమాధి ఉంది. పేరు సుఖా. 1915 జనవరి 12న మరణించేనాటికి వయస్సు 30. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన భారతీయ సైనికుల కోసం ఆ ఊళ్లో ఏర్పాటైన లేడీ హార్డింజ్ ఆసుపత్రిలో ఆయన పాకీపని చేసేవారు.

పాకీవాని శవాన్ని దహనం చేసేందుకు సాటి హిందువులు ఒప్పుకోలేదంటారు. ముస్లిం కాడు గనుక వోకింగ్ మసీదు వారూ నిరాకరించారట. చివరికి ఊరి మతాచార్యుడే చర్చి నేలలో చోటిచ్చాడు. గ్రామస్థులు చందాలు వేసుకుని శిల నిలిపారు. ఆయన క్రైస్తవుడు కాడన్న మాటను ఆ శిల మీదే చెక్కించారు.

శ్మశానంలో కులం ఉండదన్నది మనకు ప్రియమైన ఊహ. హరిశ్చంద్ర నాటకంలో జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలకు వన్స్‌మోర్ కొట్టిన ఊళ్లలోనే మాల మాదిగల శ్మశానం నేటికీ వేరుగా ఉంటుంది. సుఖా విషయంలో కులం సముద్రం కూడా దాటింది. దానికి ఓడ ఎక్కించినవారిలో దొరలూ ఉన్నారు. బ్రైటన్ రాజభవనంలోని సైనికాసుపత్రిలో కులమతాచారాలు చెడకుండా తొమ్మిది వంటశాలలు నడిపారు. ఆ ఊళ్లోని ఆసుపత్రుల్లో మరణించిన హిందూ, సిక్కు సైనికులు 53 మందిని ప్యాచమ్ కొండపై సంప్రదాయబద్ధంగా దహనం చేశారు. 1921లో అక్కడ పాలరాతి ఛత్రి వెలిసింది. బ్రిటిష్ ప్రభువుల ఔదార్యాన్ని పొగిడేవారు ఈ రెండు స్మారకాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడు ఒక విద్యార్థి, “సార్, ఆయన సైనికుడు కాదు కదా” అన్నాడు. నిజమే. సైన్యం లెక్కలో సుఖా ‘ఫాలోయర్’ మాత్రమే. నీళ్లు మోసిన భిస్తీ, కంచరగాడిదలను తోలినవాడు, వంటవాడు, పాకీవాడు అందరూ ఆ పద్దు కిందివారే. ఆ యుద్ధంలో ఇలా సేవచేసిన భారతీయులు లక్షల్లో ఉన్నారు. తుపాకీ పట్టేవాడెవరో, పాయిఖానా ఎత్తేవాడెవరో నిర్ణయించింది చాలావరకు కులమే. ‘యుద్ధజాతుల’ సిద్ధాంతం పేరుతో మహర్ల వంటి వారికి సైన్యం తలుపులు మూసిందీ ఆ ప్రభుత్వమే. ఆ తలుపు తట్టినవారిలో సుబేదారు కొడుకైన అంబేడ్కర్ ఒకరు. కాబట్టి “సైనికుడు కాదు” అన్న మాటను వాస్తవంగా ఒప్పుకుంటాను గానీ, మరచిపోవడానికి సాకుగా ఒప్పుకోను.

బస్రా స్మారకంపై భారతీయ అధికారుల పేర్లు చెక్కి, సిపాయిలను అంకెలుగా మిగిల్చారు. ఇటువంటి అసమానతలకు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021లో క్షమాపణ చెప్పింది. అది జాతి వివక్షకు చెప్పిన క్షమాపణ. సుఖా చితికి అగ్గి పెట్టబోమన్నవారి తరఫున ఇప్పటిదాకా ఎవరూ నోరు విప్పలేదు. ఆయన పేరు రాతి మీద మిగలడానికి కారణం ఆ నిరాకరణే. వారి పేర్లు మాత్రం ఎక్కడా లేవు.