తెల్లకాగితం మీద వేలిముద్ర

టొరంటోలో మన తెలుగువాళ్ల దసరా సభలో జ్యోతి వెలిగించాక మనం ఒక పేరా చదువుతాం: ఈ నేల మిస్సిసాగా తదితర ఆదివాసులదని. చదివేవారు గబగబా కానిచ్చేస్తారు, వినేవారు ఫోన్లు చూసుకుంటారు. కెనడా ఆనవాయితీ, మనకెందుకులే అన్న ధోరణి. నిజానికి మనలో ఆంధ్రలోని తణుకు చుట్టుపక్కల పుట్టినవాళ్లకు ఆ పేరా బాగా తెలిసిన కథే.

టొరంటో నేలను 1787లో మిస్సిసాగాల దగ్గర కొన్నామన్నారు బ్రిటిష్‌వాళ్లు. తర్వాత దస్తావేజు తీసి చూస్తే అందులో ఏమీ రాసి లేదు. తెగ పెద్దల గుర్తులున్న చీటీలు మాత్రం విడిగా అతికించి ఉన్నాయి. 1805లో మళ్లీ కాగితం రాయించి, పది షిల్లింగులిచ్చి, దాదాపు రెండున్నర లక్షల ఎకరాలు ఖాయం చేసుకున్నారు. మనవాళ్లు ఎందరో ఇళ్లు కొనుక్కున్న బ్రాంప్టన్ 1818 ఒప్పందంలో పోయింది. 1847లో మిస్సిసాగాలు క్రెడిట్ నది ఒడ్డు వదిలి, హేగర్స్‌విల్ దగ్గర సిక్స్ నేషన్స్ అనే మరో ఆదివాసీ సమాఖ్య ఇచ్చిన చోటికి తరలిపోయారు. టొరంటో వ్యవహారానికీ మరో భూమి దావాకూ కలిపి 2010లో కెనడా ప్రభుత్వం 14.5 కోట్ల డాలర్ల పరిహారం ఇచ్చింది.

తెల్లకాగితం మీద వేలిముద్ర మనమెరగనిదా? తణుకు నుంచి నల్లజర్ల మీదుగా జంగారెడ్డిగూడెం దాటితే బుట్టాయగూడెం, జీలుగుమిల్లి. కోయలు, కొండరెడ్లు అనే గిరిజనులు ఉండే ఏజెన్సీ. గుబ్బల మంగమ్మ తల్లికి మొక్కు తీర్చుకోవడానికి మనం వెళ్లేదీ అటే. పొగాకు వేద్దామని ఎగువకు వెళ్లిన రైతుల చేతికి అక్కడి భూములు ఎలా వచ్చాయో పెద్దవాళ్లనడగండి. ముందు అప్పు, వడ్డీ కట్టలేకపోతే కౌలు, ఆపైన బినామీ. గిరిజన స్త్రీని చేసుకుని ఆమె పేరున పొలం రాయించినవారూ ఉన్నారు. అందరూ మోసగాళ్లేనని అనను. కష్టార్జితం పోసి కొని, కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు కూడా మనవాళ్లే.

చట్టాల సంగతి చూస్తే మాత్రం ఈ ఖండానికీ మన ఏజెన్సీకీ పొంతన లేదు. పక్కనున్న అమెరికాలో 1887 డాస్ చట్టం తెగల ఉమ్మడి భూమిని ముక్కలు చేసి, మిగులు పేరుతో తెల్లవాళ్లకు తలుపులు తెరిచింది. ఆదివాసుల చేతిలోని 13.8 కోట్ల ఎకరాలు 1934 నాటికి 4.8 కోట్లకు తగ్గాయి. మద్రాసు ప్రభుత్వం 1917లో అందుకు ఎదురు దారి పట్టింది: ఏజెన్సీని పాలించే ఏజెంటు అనుమతి లేనిదే గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి బదిలీ చెల్లదంది. 1879 నాటి రంప గిరిజన తిరుగుబాటు లాంటిది మళ్లీ రాకూడదన్న భయమే అందుకు కారణమై ఉంటుంది, దొరల దయ కాదు. 1970లో వచ్చిన 1/70 నిబంధన ఇంకా బిగించి, ఏజెన్సీలో గిరిజనేతరులు తమలో తాము అమ్ముకోవడాన్ని కూడా నిషేధించింది. అంత గట్టి చట్టం ఉండగానే 1990ల్లో జీలుగుమిల్లి, బుట్టాయగూడెం కోయలు తమ భూముల కోసం పోరాటానికి దిగవలసి వచ్చింది. ఇప్పుడు మన దాళ్వా వరికి భరోసా అని ఎదురుచూస్తున్న పోలవరం ప్రాజెక్టు ముంపులో కోయల, కొండరెడ్ల ఊళ్లెన్నో పోతున్నాయి.

మనం తుపాకీ పట్టి రాలేదు, చదువుకుని వీసా మీద వచ్చాం అంటారు కొందరు. నిజమే. వచ్చి కొన్న ఇల్లు మాత్రం ఆ పది షిల్లింగుల కాగితాల మీదే నిలబడి ఉంది.

ఈసారి ఆ పేరాను తెలుగులో, సంవత్సరాలతో సహా, నిదానంగా చదివిద్దాం. ఊరెళ్లే సభ్యులకు మరో మనవి: ఏజెన్సీలో ఎవరి పేరుతోనో మీ ఇంటివాళ్లు సాగు చేయిస్తున్న పొలం ఉంటే, ఆ కాగితాలు బయటికి తీయించండి. అసలు హక్కుదారు ఎవరో తేల్చి, వాళ్లకు అప్పగించి రండి.