అప్రూవల్ తొందరగా రావాలని మన పేరు తీసేసుకుందామా?



పోస్ట్ పెద్దదే. సిగ్నల్ ఉన్న చోట కూర్చుని పూర్తిగా చదవండి. సగం చదివి కామెంట్ పెట్టొద్దని మనవి.

వారం రోజులుగా గ్రూపులో ఒకటే చర్చ. ఆగస్టు 9 సభకి మనం వేసిన యాడ్ టైమ్‌కి ఎందుకు అప్రూవ్ కాలేదు, వచ్చేసారి తొందరగా రావాలంటే ఏం చెయ్యాలి? మూడు సలహాలు వచ్చాయి. ఒకటి, యాడ్‌లో "ఆదివాసీ", "కోయ", "గోండు" అనే మాటలు తీసేసి ఊరికే "యువత" అని పెట్టేద్దాం అని. రెండోది, రెండు వేలు ఇస్తే గంటలో అప్రూవ్ చేయించే ఏజెంట్ ఉన్నాడు, పేజీ అతని చేతికి ఇద్దాం అని. మూడోది, మనవాళ్ల యాడ్ అంటే కావాలనే ఆపుతారు, ఇక వెయ్యడమే దండగ అని.

ఈ మూడింటిలో ఒక్కటి కూడా మేం ఒప్పుకోం. ఎందుకో చెప్తాం. ముందు మా తప్పు ఒప్పుకుంటాం.

పదిహేను మందిమి తలా 100 వేసుకుని 1,500 జమ చేశాం. సభ 9న. యాడ్ పెట్టింది 7వ తేదీ సాయంత్రం. అందులో రాసింది ఇది: "నువ్వు ఆదివాసీ బిడ్డవా? పేదరికం వల్ల చదువు ఆగిపోయిందా? 1/70 కోసం, జీవో నెం. 3 కోసం కదలి రా!" రాసినప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. రాత్రికి రిజెక్ట్ అయ్యింది. కారణం కింద రాసే ఉంది, మాలో ఒక్కరం కూడా చదవలేదు. ఫోటో బాగోలేదేమో అని ఫోటో మార్చి మళ్లీ పంపాం. తర్వాత రంగు మార్చాం. తర్వాత ఊళ్లు మార్చాం. అలా ఐదుసార్లు. సభ అయిపోయి షామియానా విప్పుతున్నప్పుడు కూడా ఆ యాడ్ రివ్యూలోనే ఉంది. మన 1,500 ఖర్చు కాలేదు గానీ, రావాల్సిన ఊళ్ల నుంచి పిల్లలు రాలేదు. ఆ నష్టం ఎవరూ వెనక్కి ఇవ్వరు.

తర్వాత కూర్చుని రూల్స్ చదివాం. అప్పుడు తెలిసింది, "ఆదివాసీ" అనే మాట తప్పు కాదని. మనం ఆ వాక్యాన్ని కట్టిన తీరు తప్పు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండింటినీ నడిపేది మెటా. వాళ్ల యాడ్ రూల్స్‌లో వ్యక్తిగత లక్షణాల గురించి ఒక రూల్ ఉంది. యాడ్ చూస్తున్న మనిషి జాతి, మతం, వయసు, ఆరోగ్యం, డబ్బు ఇబ్బంది లాంటివి తనకి తెలుసన్నట్టు యాడ్ మాట్లాడకూడదు. "నువ్వు ఆదివాసీవా?" అన్నామంటే జాతి గురించి అన్నట్టు. "పేదరికం వల్ల చదువు ఆగిపోయిందా?" అంటే డబ్బు ఇబ్బంది గురించి అన్నట్టు. ఒక్క యాడ్‌లో రెండు దెబ్బలు. అదే "ఆదివాసీ విద్యార్థుల సభ, ఆగస్టు 9, ఉదయం 10 గంటలకు, ఫలానా గ్రౌండ్" అని రాస్తే ఈ రూల్ అడ్డు రాదు. అక్కడ మన పేరు ఉంది, గౌరవంగా ఉంది. ఎవరి మీదికీ వేలు చూపించడం లేదు, అంతే తేడా. "మీలాంటి ఇతర కోయ విద్యార్థులతో కలవండి" అన్నా కూడా ఇబ్బందే. "ఇతర" అనగానే చదివేవాడు కూడా కోయ అని చెప్పినట్టే లెక్క.

ఇక మొదటి సలహా ఇచ్చిన తమ్ముళ్లకి మా ప్రశ్న. యంత్రం అడగనిది మనమెందుకు ఇస్తున్నాం? స్కూల్లో చేరిన రోజు ఇంటిపేరు తప్పు రాస్తే, ఆధార్‌లో ఒకలా, కుల ధ్రువీకరణ పత్రంలో ఇంకోలా ఉంటే, దాన్ని సరిచేయించుకోవడానికి ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో మనలో చాలామందికి గుర్తుంది. పేరులో ఒక్క అక్షరం కోసం అంత తిరిగినవాళ్లం, 1,500 రూపాయల యాడ్ కోసం మొత్తం జాతి పేరే తీసేస్తామా? "యువత" అని పెడితే అది ఎవరి సభ? ఎవరైనా వస్తారు, మన పిల్లలు మాత్రం ఇది మనది కాదులే అనుకుని స్క్రోల్ చేసి వెళ్లిపోతారు. ఇంకో తమ్ముడు "ఆ.ది.వా.సీ" అని మధ్యలో చుక్కలు పెడదాం అన్నాడు. అది ఇంకా ప్రమాదం. మాటని మరుగుపరిచి రివ్యూని తప్పించుకోవాలని చూడడం కూడా రూల్ ప్రకారం తప్పే. అసలు తప్పు లేని మాటకి దొంగ వేషం వేసి మనమే దాన్ని దొంగని చేస్తాం.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ రూల్ మన మంచికే పెట్టారు, బయటివాడు మనల్ని వేలెత్తి చూపకూడదని. కానీ మనల్ని మనం పిలుచుకునే సంగతి వాళ్లు ఆలోచించలేదు. మన దగ్గర సంతలో మైకు పట్టుకున్నా, గూడెంలో చాటింపు వేసినా, "మన పిల్లలు", "మనోళ్లు" అనే మొదలవుతుంది. పక్కింటి అక్కని పిలిచినట్టు పిలుస్తాం. ఆ పిలుపునే యంత్రం అనుమానంగా చూస్తుంది. ఇది అన్యాయమే అని మేం అంటాం. రీ-రివ్యూ అడిగేటప్పుడు ఆ మాట రాయాలి కూడా. కానీ సభ తేదీ దగ్గర పెట్టుకుని ఆ పోట్లాట పెట్టుకోకూడదు.

రెండో విషయం, 1/70, జీవో నెం. 3. ఇవి మనకి రోజువారీ సంగతులు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959 రెగ్యులేషన్‌ని 1970లో సవరించిన చట్టం ఒకటి. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ మనకే అని 2000 జనవరిలో వచ్చి, 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసిన జీవో ఇంకోటి. యాడ్ లెక్కలో మాత్రం ఇవి సామాజిక, రాజకీయ అంశాలు. అలాంటి యాడ్‌కి మెటాలో వేరే దారి ఉంది. మన దేశంలో రాజకీయ యాడ్‌లకి ఇది 2019లో, లోక్‌సభ ఎన్నికల ముందు మొదలైంది. యాడ్ వేసే మనిషి ముందుగా గుర్తింపు కార్డుతో ధ్రువీకరణ చేసుకోవాలి. డబ్బు ఎవరు కట్టారో యాడ్ మీద కనపడాలి. ఆ యాడ్ ఏడేళ్లు ఎవరైనా చూసుకునేలా వాళ్ల యాడ్ లైబ్రరీలో ఉంటుంది. ఈ ధ్రువీకరణ లేకుండా ఫోటో ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. మేం మార్చింది అదే.

"మన పేరు ఏడేళ్లు కనపడితే ఇబ్బంది కదా" అని కొందరు భయపడ్డారు. జీవో 3 కావాలని అడగడానికి భయమెందుకు? రోడ్డు మీద బ్యానర్ పట్టుకుని ఫోటో దిగుతాం కదా. భయం ఉంటే సంఘం పేరు, సంఘం ఫోన్ నంబర్ పెట్టండి. ఆడపిల్లల సొంత నంబర్ మాత్రం ఎక్కడా పెట్టొద్దు. ఇది సలహా కాదు, నియమం అనుకోండి.

ఇప్పుడు ఏజెంట్ సంగతి. గంటలో అప్రూవ్ చేయిస్తానని ఎవడు చెప్పినా నమ్మకండి. అందరి యాడ్‌లూ అదే రివ్యూకి వెళ్తాయి. ఎక్కువ భాగం యంత్రమే చూస్తుంది. రెండు వేలు తీసుకున్నవాడికి వేరే గేటు ఏమీ లేదు. యాడ్ సరిగ్గా రాసి ఉంటే మనకి ఎంతసేపట్లో వస్తుందో అతనికీ అంతసేపట్లోనే వస్తుంది. ఎక్కువ యాడ్‌లు 24 గంటల్లో చూస్తామని, కొన్నిటికి ఇంకా ఎక్కువ పట్టొచ్చని మెటా వాళ్లే చెప్తున్నారు.

మా పక్క మండలంలో తేనె, చింతపండు అమ్మే అక్కల సంఘం ఒకటి ఉంది. మూడేళ్లు కష్టపడి పేజీ పెంచుకున్నారు. తొందరగా యాడ్ రావాలని ఒక ఏజెంట్‌కి అడ్మిన్ ఇచ్చారు. మొదటి వారం బాగానే ఉంది. తర్వాత అదే పేజీ మీద లోన్ యాప్‌ల యాడ్‌లు, పేకాట యాప్‌ల యాడ్‌లు కనపడ్డాయి. ఇదేంటని అడిగేలోపు అక్కల్నే అడ్మిన్ నుంచి తీసేశాడు. కొన్నాళ్లకి ఆ పేజీకి యాడ్‌లు వేసే వీలే లేకుండా పోయింది. అతను ఇంకో పేజీకి వెళ్లిపోయాడు. అక్కలు మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టారు.

భూమి విషయంలో బినామీ అంటే ఏంటో మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కాగితం మీద మన పేరు, పొలంలో వేరేవాడి నాగలి. ఇదీ అంతే. పేజీ మీద మన పేరు, లోపల తాళం ఇంకొకరి దగ్గర. భూమికైతే 1/70 ఉంది, కనీసం కోర్టుకి వెళ్లొచ్చు. పేజీకి అలాంటి చట్టం లేదు. మనం జాగ్రత్తపడితేనే ఉంటుంది.

మూడో సలహా ఇచ్చిన అన్నల కోపం మాకు అర్థమవుతుంది. ప్రతి ఆఫీసులో మన ఫైలే అడుగున ఉండడం చూసి వచ్చిన కోపం అది. యంత్రం తప్పు చెయ్యదని మేం అనడం లేదు, చేస్తుంది. కానీ ఈసారి ఆపింది మన రాత, మన ఆలస్యం. మన తప్పుని కుట్ర ఖాతాలో వేస్తే, రేపు నిజంగా కుట్ర జరిగినప్పుడు మన మాట ఎవరు వింటారు?

కాబట్టి వచ్చే ఆగస్టు 9కి ఇలా చేద్దాం అంటున్నాం.

1. ధ్రువీకరణ పని సభకి నెల ముందే, ఇంకా ముందైతే మరీ మంచిది. గుర్తింపు కార్డులో పేరు, ప్రొఫైల్‌లో పేరు ఒకటే ఉండాలి. "కోయ కింగ్", "మన్యం పులి" అని పెట్టుకున్న తమ్ముళ్లు ఈ పనికి పనికిరారు, ఏమనుకోవద్దు.

2. సభకి పిలిచే యాడ్ ఒకటి, జీవో 3 డిమాండ్ యాడ్ ఇంకోటి. రెండూ కలిపితే బరువైన దాని కోసం తేలికైనది కూడా ఆగుతుంది. ఇది దాచుకోవడం కాదు. డిమాండ్ యాడ్ కింద మన సంఘం పేరు పెట్టి మరీ వేస్తున్నాం.

3. యాడ్ వారం ముందే పెట్టాలి. పెట్టాక చెయ్యి పెట్టొద్దు. మాటలు, ఫోటో, ఎవరికి చూపించాలనేది, వీటిలో ఏది మార్చినా రివ్యూ మళ్లీ మొదటి నుంచి. బడ్జెట్ మారిస్తే మాత్రం ఆ ఇబ్బంది ఉండదు.

4. యాడ్‌లో ఇచ్చిన లింక్ పనిచెయ్యాలి. యాడ్‌లో చెప్పిందే లింక్‌లోనూ ఉండాలి. రివ్యూలో దాన్ని కూడా చూస్తారు.

5. రిజెక్ట్ అయితే ముందు కారణం చదవాలి. తప్పు మనదైతే దిద్దాలి. కాదనుకుంటే రీ-రివ్యూ అడగాలి. అదే యాడ్‌ని కాపీ చేసి మళ్లీ మళ్లీ పంపితే అకౌంట్‌కే చెడ్డపేరు.

6. పేజీకి కనీసం ఇద్దరు అడ్మిన్‌లు, ఇద్దరూ మనవాళ్లే, అందులో ఒకరు అమ్మాయి. బయటివాళ్లకి అడ్మిన్ ఇవ్వకూడదు. సాయం కావాలంటే పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకుందాం.

తేనె, ఇప్పపువ్వు లడ్డు, కాఫీ అమ్మే సంఘాలకి కూడా ఇవే వర్తిస్తాయి. ఇంకొకటి అదనం. "మా తేనె తింటే షుగర్ తగ్గిపోతుంది" అని రాయకండి. యాడ్ రిజెక్ట్ కావడం చిన్న సంగతి. షుగర్ లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. తేనె ఏ కొండ మీద ఎలా తీశారో రాయండి, కొనేవాళ్లకి అదే చాలు.

ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, చింతూరు, రంపచోడవరం, పాడేరు, సీతంపేట, ఒక్కో చోటి నుంచి ఇద్దరు కావాలి. కార్డులో పేరు సరిగ్గా ఉన్నవాళ్లు, ఓపిగ్గా రూల్స్ చదివేవాళ్లు. ఒప్పుకున్నవాళ్లు కింద మీ ప్రాంతం పేరు మాత్రం రాయండి, ఫోన్ నంబర్లు కామెంట్లలో పెట్టొద్దు. మా మాటలో తప్పుంటే కూడా కిందే చెప్పండి, దిద్దుకుంటాం. ఆ 1,500 సంఘం దగ్గర అలాగే ఉన్నాయి, వచ్చే ఏడు సభ యాడ్‌కే వాడతాం.

జై ఆదివాసీ. జై సేవా.