వాన లెక్క, కూలి లెక్క



వాతావరణ మార్పు అనగానే పాఠ్యపుస్తకంలో కరిగే మంచుకొండ బొమ్మ వేస్తారు. మనలో మంచుకొండను చూసినవారు లేరు. శెనక్కాయ చేను తెలియనివారూ లేరు. అందుకే అక్కడి నుంచే మాట్లాడుకుందాం.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఆ కొద్ది వానను నమ్ముకుని ఒకప్పుడు ఏడు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగ వేశారు. ఈ పంటకు వాన ఎంత పడిందన్నదాని కంటే ఎప్పుడు పడిందన్నదే ముఖ్యం. పూత తర్వాత ఊడలు దిగే రోజుల్లో నేల మెత్తగా ఉండాలి. అప్పుడే ఇరవై రోజులు చినుకు లేకపోతే ఊడ దిగదు, కాయ ఊరదు. తీరా పీకే వేళకు కుండపోత కురిస్తే ఉన్న కాయ భూమిలోనే మొలకెత్తుతుంది, కట్టె నల్లబడి పశువులు కూడా ముట్టవు. ఏడాది చివర కాగితాల్లో మాత్రం 'సాధారణ వర్షపాతం'! భూమి వేడెక్కేకొద్దీ గాలి ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి పడితే కుంభవృష్టి, లేకుంటే ఎండు అనే పరిస్థితి పెరుగుతుందని శాస్త్రజ్ఞులు అంటున్నారు.

ఇక రెండోవైపు. వ్యవసాయం కూడా వాతావరణాన్ని వేడెక్కిస్తోంది. మానవుల వల్ల వెలువడే వాయువుల్లో సుమారు 23 శాతం వ్యవసాయం, అడవులు, భూ వినియోగం నుంచే వస్తున్నదని ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల బృందం 2019లో చెప్పింది. కాలువ కింద వరిమడిలో ఎప్పుడూ నీళ్లు నిలిస్తే మట్టికి గాలి అందక మీథేన్ పుడుతుంది. ఎక్కువగా చల్లిన యూరియా నుంచి నైట్రస్ ఆక్సైడ్ వస్తుంది. మడిని ఆరనిచ్చి మళ్లీ తడి పెడితే మీథేన్ తగ్గుతుంది, నీళ్లూ మిగులుతాయి. ఇది మంచి పద్ధతి, అందరూ అనుసరించాలి.

అయితే నాట్లే అవసరం లేకుండా విత్తనం నేరుగా వెదజల్లి, కలుపుకు మందు కొట్టే పద్ధతిని కూడా పర్యావరణం పేరుతో ప్రచారం చేస్తున్నారు. ఇక్కడ మాకు అభ్యంతరం ఉంది. నాటు, కలుపు మన అమ్మల, అక్కల కూలి రోజులు. నడుములు విరిగే నాట్లు కలకాలం ఉండాలని మేం కోరడం లేదు. ఆ రోజులు పోతే బదులు ఏమిటని ఎవరైనా వాళ్లను అడిగారా? ఏ రైతు సదస్సులోనైనా నాటు కూలీని వేదిక మీద కూర్చోబెట్టగా చూశారా?

కరువు వచ్చినా అంతే. నష్టపరిహారం ఎకరాల లెక్కన ఇస్తారు, పాసు పుస్తకం ఉన్నవారికి. శెనక్కాయ పీకే పని పోయిన కూలీకి ఆ ఫారంలో గడి లేదు. కౌలుదారుది కూడా దాదాపు అదే గతి. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో పదిహేను వందల మందికి పైగా చనిపోయారు. ఎండలో పని మానుకుని ఇంట్లో కూర్చోగలిగే స్తోమత ఎందరికి ఉంటుంది? ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. కూలి కూడా హక్కేనని దేశానికి చెప్పింది ఈ నేల మీది నుంచే. పంట నష్టాన్ని లెక్కించినట్టే పోయిన పనిదినాలనూ లెక్కించాలని ఇదే నేల మీద అడగడానికి మనకు సిగ్గెందుకు?

మా ఇళ్లల్లో మొదటి డిగ్రీ మాది. అంకెలు రాయడం వచ్చినవాళ్లం మనమే. ఈసారి సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకెళ్లండి. ఏ తేదీన వాన పడింది, ఏ వారం పని దొరకలేదు, కూలి ఎంత ఇచ్చారు అనేవి ఇంట్లో అడిగి రాయండి. వచ్చే వార్షికోత్సవానికి ఆ పుస్తకాలన్నీ ఒకచోట చేర్చి, వాటి లెక్కలు ఈ సంచికలోనే అచ్చు వేద్దాం.